నాలుగో వాటా

జూన్ 2

ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు ఇంకో రెండు పైకి మోయించాను. మొత్తం పదకొండు అయ్యాయి. మంచం కింద చోటు లేదు. బట్టల బీరువాలో కింది భాగం ఖాళీ చేసి అక్కడ పెట్టాను. ఆయన పంప్‌హౌస్ డ్యూటీ నుంచి వచ్చి చొక్కా కోసం బీరువా తెరిచి, ఏమిటి, రేపటినుంచి నీళ్ళే కట్టుకుని వెళ్ళాలా అన్నారు. నవ్వాను. ఆయనా నవ్వారు. తరువాత ఎవరి పని వాళ్ళం చూసుకున్నాం.

మనిషికి రోజుకు మూడు లీటర్లు. పదకొండు క్యాన్లంటే పద్దెనిమిది రోజులు, నలుగురికి.

ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆయన, నేను, పాప. నా లెక్క కాగితం ఆయన చూశారు. మడిచి ఉన్నచోటే పెట్టారు.

జూన్ 5

చిల్లర కొట్టతను, అమ్మగారూ, మెస్ ఏమైనా పెట్టారా అని అడిగాడు. వచ్చే వారం చుట్టాలొస్తున్నారు అన్నాను. పోయిన నెల కూడా అదే చెప్పానట. వస్తే పోయే రకం కాదన్నమాట మీ చుట్టాలు అని పప్పు తూచాడు. ఇక మీద వేరే కొట్టుకు వెళ్ళాలి.

జూన్ 6

మందుల గోడౌన్‌లో స్టోర్స్ చూసే పని నాది. పద్నాలుగేళ్ళు. ముందు వచ్చిన పెట్టె ముందు పోవాలి, వెనక వచ్చింది వెనక. పెట్టె మీద మార్కర్‌తో తేదీ రాయకుండా నా చేయి ఊరుకోదు. ఇంట్లోనూ అంతే. బియ్యం డబ్బా, ఉప్పు, సబ్బు, అన్నిటి మీదా తేదీలే. ఎప్పుడూ పాతదే తింటాం. కొత్తది వెనక్కి వెళ్ళి పాతబడేదాకా ఆగుతుంది. మా ఇంట్లో కరకరలాడే బిస్కెట్ తిన్నవాళ్ళు లేరు.

ఈ రోజు బిస్కెట్ నమలలేక పాప అంది, మనింట్లో డేట్ వెయ్యనిది నన్నొక్కదాన్నే కదమ్మా అని. అలాంటి మాటలు అనకూడదని కసిరాను. వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. దానికి పదకొండేళ్ళు. మాట మాత్రం వాళ్ళ నాయనమ్మది.

జూన్ 9

పాప యూనిఫారం పొట్టి అయింది. మడత విప్పించడానికి కింది ఇంటికి తీసుకెళ్ళాను. గ్రౌండ్ ఫ్లోర్‌లో టైలరమ్మ. మాది మూడో అంతస్తు. మధ్యలో ఒకటో అంతస్తులో మాస్టారు, రెండోది టు-లెట్ బోర్డుతో ఎప్పటినుంచో ఖాళీ. ఈ ఇంటికి మనుషులంటే ఇంతే.

నేను ఆమెను అక్కా అంటాను. పాప పెద్దమ్మా అంటుంది. పాపను స్టూల్ మీద నిలబెట్టి అంచు కొలుస్తూ, ఈసారి వానలు గట్టిగా ఉంటాయంటున్నారు చెల్లీ, మీరు అప్పట్లాగే ముందే వెళ్ళిపోతారా అని అడిగింది. పళ్ళ మధ్య గుండుసూదులున్నాయి. ముఖంలో ఏముందో చూద్దామంటే తల వంచుకునే ఉంది.

చూద్దాం అక్కా అన్నాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకపోయినా, మా ఆయనకి సెలవు దొరకాలిగా అని కూడా అన్నాను.

మడత విప్పినందుకు ఏమీ తీసుకోలేదు.

జూన్ 10

అప్పుడు మేం ఎక్కడికీ వెళ్ళలేదు.

జూన్ 11

నిన్నటి వాక్యం రాసి పుస్తకం మూసేశాను. ఈ రోజు గోడౌన్‌లో లేబుళ్ళు రెండుసార్లు తప్పు రాశాను. రాసేస్తేనే నయం.

తొమ్మిదేళ్ళయింది. కరకట్ట తెగి పొద్దున్నే నీళ్ళొచ్చాయి. మధ్యాహ్నానికి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఫ్యాన్ దాకా వచ్చేశాయి. టైలరమ్మ వాళ్ళత్తను వీపు మీద ఎక్కించుకుని రెండో అంతస్తు వరండాలోకి వచ్చి కూర్చుంది. ఆమె భర్త పోయి అప్పటికే చాలా కాలం. మాస్టారు ఊళ్ళో లేరు. పాపకు జ్వరమని మా ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. పాపకు రెండేళ్ళు. ఇంట్లో తాగే నీళ్ళు పదకొండు లీటర్లు. పడవ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి టైలరమ్మ మా తలుపు కొట్టింది. ఎవరైనా ఉన్నారా, ముసలావిడకి ఒక్క గ్లాసు మంచినీళ్ళు కావాలి అంది. ఆయన లేవబోయారు. నేను చొక్కా పట్టుకున్నాను. ఒక్క గ్లాసుతో ఆగదు, ఇచ్చామని తెలిస్తే రేపు మళ్ళీ వస్తారు, ఎల్లుండి మళ్ళీ వస్తారు అని ఆయన చెవిలో చెప్పాను. మూడుసార్లు కొట్టింది. పాప నిద్రపోతోంది. తరువాత మెట్లు దిగిన చప్పుడు.

ముసలావిడ దాహానికి ఆగలేక ఆ వరద నీళ్ళే తాగింది. మూడో రోజు పడవ వచ్చి వాళ్ళిద్దర్నీ తీసుకెళ్ళింది. వాంతులు, విరేచనాలు. ఆస్పత్రిలో అయిదు రోజులుండి పోయింది.

నీళ్ళు తగ్గాక, ఎవరూ లేనప్పుడు మోకాలి లోతు నీళ్ళలో మేమూ బయటపడ్డాం. ఆయన స్నేహితుడి గదిలో వారం ఉండి, సూట్‌కేస్ పట్టుకుని, పగటిపూట, అందరూ చూస్తుండగా తిరిగొచ్చాం. టైలరమ్మ గేటు దగ్గర బురద గోకుతోంది. అదృష్టవంతులు, ముందే వెళ్ళిపోయారు అంది. అవును అన్నాను.

అదే. ఆ ఒక్క మాటతో తొమ్మిదేళ్ళు గడిచాయి.

నాలుగో వాటా ఆమెది. ఈసారి నీళ్ళొస్తే నేనే కిందికి వెళ్ళి ఆమెను పైకి తెచ్చుకుంటాను. దానికోసమే ఇదంతా. క్యాన్ల మీద తేదీ రాశాను గానీ ఆమె పేరు ఎక్కడా రాయలేదు.

జూన్ 20

డ్రిల్. ఆదివారాలు చేస్తాం. ఆయన ఇంట్లో లేని వేళ చూసి చేస్తాం, ఆయనకు చెప్పలేదు. నేను బయటికి వెళ్ళి తలుపు కొడతాను. పాప లైట్లు తీసేయాలి, అడుగు చప్పుడు కాకూడదు, పై గడియ, కింది గడియ వేయాలి, తలుపుకున్న అద్దం కన్నంలోంచి ఒక్కసారే చూడాలి. ఎవరు పిలిచినా పలకకూడదు.

ఈ రోజు కొత్త రూల్ చెప్పాను. నేనే వచ్చి పిలిచినా, నా పక్కన ఇంకొకరుంటే తియ్యకు. ఎందుకని అడిగింది. సరుకు కోసం నన్ను బెదిరించి తీయిస్తూ ఉండొచ్చు అని చెప్పాను. నువ్వు ఏడ్చినా తియ్యకూడదా అంది. ఏడ్చినా తియ్యకు అన్నాను. టైలర్ పెద్దమ్మ అయినానా అంది.

ఎవరైనా అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది నోట్లోంచి.

చివర నేనొక్కదాన్నే ఉన్నానని చూసి తలుపు తీసి, నన్ను లోపలికి లాగి రెండు గడియలూ వేసేసరికి పదకొండు సెకన్లు. ఇంకా తగ్గిస్తానంది. శభాష్ అని క్యాలెండర్ మీద స్టార్ పెట్టాను.

జూన్ 24

కొవ్వొత్తులు 60. టార్చి సెల్స్ 24. ఎండ మాడ్చేస్తోంది.

జూలై 1

ఆయనకు డ్రిల్ సంగతి తెలిసింది. పాపే చెప్పింది, స్టార్లు చూపించి. మేం పెద్దగా పోట్లాడుకునే రకం కాదు. ఈ రోజు పోట్లాడుకున్నాం. ఒక చేత్తో ఆమెకి నీళ్ళు దాస్తావు, ఇంకో చేత్తో పిల్లకి తలుపు వెయ్యడం నేర్పుతావు, నీకేమైనా అర్థమవుతోందా అన్నారు. అర్థం కాకేం. నాలో ఇద్దరున్నారు. ఒకతె వాటాలు వేస్తుంది, ఇంకొకతె గడియ వేస్తుంది. ఇద్దరికీ భయమే.

అంత బాధగా ఉంటే వరద దాకా ఎందుకు, ఆ నాలుగో వాటా ఇవాళే తీసుకెళ్ళి ఇచ్చి నిజం చెప్పెయ్ అన్నారు. మీరు చెప్పండి అన్నాను. ఆయన, నా చొక్కా పట్టుకుంది నువ్వు అన్నారు.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ మాట బయటికి అన్నారు. ఇన్నాళ్ళూ తిలాపాపం తలా పిడికెడు అనుకున్నాను. కాదట.

జూలై 14

ఒక పెట్టె సర్దాను. బియ్యం, పప్పు, పాలపొడి, కొవ్వొత్తులు, మందులు. వెంటనే పాడయ్యేది ఏదీ పెట్టలేదు, అన్నీ కొత్తవే. కిందికి మోసుకెళ్ళాను. మిషన్ చప్పుడు వినిపిస్తోంది. తలుపు తెరిచే ఉంది. ఆమె ఎప్పుడూ తలుపు తెరిచే కూర్చుంటుంది. లోపలి గోడ మీద వాళ్ళత్త ఫొటో. అందులో ఆవిడ నన్నే చూస్తున్నట్టుంది.

ఏమిటి చెల్లీ పెట్టె అంది. గోడౌన్‌కి తీసుకెళ్తున్నా అక్కా అన్నాను.

పెట్టె మోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాను.

జూలై 26

వాన. నాలుగో రోజు. మాస్టారు వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసమ్మా, మీరూ కదలండి అన్నారు. మా ఆయన పంప్‌హౌస్‌లోనే ఉన్నారు, వాళ్ళెవర్నీ ఇంటికి పంపడం లేదు. ఫోన్‌లో, ఈసారి తలుపు తియ్యి అని మాత్రం అన్నారు. తీస్తానన్నాను.

జూలై 28, ఉదయం 9

గేటు దాకా నీళ్ళు. కరెంటు పోయింది.

మధ్యాహ్నం 1

నీళ్ళు గేటు దాటాయి. టైలరమ్మ మిషన్‌ను బల్ల మీదికి ఎక్కిస్తోంది. మా బాల్కనీలోంచి వంగితే ఆమె చేతులు కనిపిస్తున్నాయి. ఫోన్ పనిచేయడం లేదు. పాపను తలుపు వేసుకుని ఉండమని చెప్పి కిందికి వెళ్తున్నాను. తేలిగ్గా ఉంది. వెళ్తున్నాను.

జూలై 29

నిన్నటిది రాస్తున్నాను. వరసగా రాయాలి.

కింద నడుము లోతు నీళ్ళు. అక్కా, పైకి రండి అన్నాను. ఎక్కడికి అంది. మా ఇంటికి అన్నాను. నా వంక చూసింది. బట్టల మూట, ఫొటో తీసుకుని నా వెనకే వచ్చింది.

తలుపు కొట్టాను. పాపా, నేనే, తియ్యి. అద్దం కన్నం ఒకసారి నల్లబడింది. మళ్ళీ తెల్లబడింది. పై గడియ. తరువాత కింది గడియ. లోపల ఇక ఏ చప్పుడూ లేదు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా పక్కన ఇంకొకరున్నారు.

రూల్ లేదమ్మా, ఇది డ్రిల్ కాదు, తియ్యి అన్నాను. బతిమాలాను. తిట్టాను. ఏడ్చాను. ఏడ్చినా తియ్యకు అని చెప్పింది నేనే. అరగంట పైనే అయింది. మెట్ల సందులోంచి చూస్తే నీళ్ళు ఒకటో అంతస్తు గుమ్మానికి వచ్చాయి. నన్నెవరూ బెదిరించడం లేదని దానికి ఎలా నమ్మకం కలుగుతుంది? నిజం చెప్పడం తప్ప దారి కనిపించలేదు. తలుపుకు నోరు ఆనించి మొత్తం చెప్పాను. నీకు రెండేళ్ళప్పుడు ఈ పెద్దమ్మ నీళ్ళ కోసం మన తలుపు కొట్టింది, మనం లోపలే ఉన్నాం, నేను తియ్యలేదు, అందుకే వాళ్ళత్తయ్య పోయింది, అది తప్పు, ఆ రూల్స్ అన్నీ తప్పు, తియ్యి తల్లీ అన్నాను. టైలరమ్మ నా పక్కనే ఉంది. ఆమె వైపు చూడలేదు. తలుపుతోనే చెప్పాను.

తలుపు తెరుచుకోలేదు.

అప్పుడామె మెల్లగా అంది, నేను కిందికి దిగుతాను చెల్లీ, నువ్వొక్కదానివే కనిపిస్తే తీస్తుంది, పిల్ల భయపడిపోయి ఉంటుంది అని.

వద్దన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి అనలేదు.

ఆమె మూట తీసుకుని మెట్ల మలుపు తిరిగింది. తలుపు జానెడు తెరుచుకుంది. పాప నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగి రెండు గడియలూ వేసేసింది. ఏడు సెకన్లు కూడా పట్టలేదు. నా నడుము పట్టుకుని, బాగా చేశానా అమ్మా అని అడిగింది.

బాగా చేశావు అన్నాను.

తరువాత గడియ మీద చెయ్యి వేశాను. గోడ గడియారం ఎదురుగానే ఉంది. నాలుగు నిమిషాలు. అప్పుడు పదకొండు లీటర్లు, ఇప్పుడు రెండు వందల ఇరవై. ఆమె వాటా బీరువాలో ఉంది. ఏ లోటూ లేదు. అయినా నాలుగు నిమిషాలు చెయ్యి కదలలేదు. ఎందుకో తెలిస్తే ఇక్కడ రాసేదాన్ని. తీస్తే ఆమె ముఖం చూడాలి, బహుశా అంతే.

తీశాను. రెండో అంతస్తు వరండాలో, అప్పుడు కూర్చున్న చోటే కూర్చుని ఉంది. చెయ్యి పట్టుకుని పైకి తెచ్చాను. గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రమ్మంటే, బట్టలు తడిగా ఉన్నాయి, ఇల్లంతా తడవడమెందుకు అని గుమ్మం బయటే కూర్చుంది.

ఇప్పుడు కూడా అక్కడే ఉంది. బట్టలు ఎప్పుడో ఆరిపోయాయి.

జూలై 31

నీళ్ళు తగ్గుతున్నాయి. పడవలు తిరుగుతున్నాయి. మూడు రోజులు తలుపు తెరిచే ఉంది. ఆమె అవతల, మేం ఇవతల. పెట్టింది తింది, ఇచ్చిన నీళ్ళు తాగింది. గడప దాటలేదు. పాప లోపల గోడకు ఆనుకుని ఆమెనే చూస్తూ కూర్చుంది.

ఈ పొద్దున పాప నిద్రలో ఉండగా, నేను గడపకు ఇవతల కూర్చుని క్షమించు అక్కా అన్నాను. ఆమె మూట విప్పి బట్టలు మళ్ళీ మడతపెడుతూ చెప్పింది. మీరు లోపల ఉన్నారని నాకు అప్పుడే తెలుసు చెల్లీ. మూడోసారి కొట్టినప్పుడు పిల్ల దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆ తరువాత దగ్గు నోట్లోనే ఆగిపోయింది, ఎవరో అదిమిపెట్టినట్టు. నాకు భయమేసింది. ఇంకోసారి కొడితే ఇంకా గట్టిగా అదుముతారేమో, పిల్లకు ఊపిరి ఆడదేమో అని దిగిపోయాను. మా అత్తకి పైన ఎవరూ లేరని చెప్పాను. ఆవిడ నమ్మింది. ఆ తరువాతే ఆ నీళ్ళు తాగింది.

కోపం లేదు గొంతులో. అందుకే వినలేకపోయాను. మేం సూట్‌కేస్ మోసుకుని రాకముందే, మేం లేమన్న అబద్ధం ఆమె ఆడింది. గేటు దగ్గర అదృష్టవంతులు అన్నప్పుడు నాకు ఒక మాట అందించింది, నేను పట్టుకున్నాను.

పాప నిద్రపోతోంది అని జూన్‌లో రాశాను. ఇది ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా అబద్ధమే రాశాను. పాప నిద్రపోలేదు. నా అరచెయ్యి దాని నోటి మీద ఉంది. మెట్ల మీద అడుగులు దూరమయ్యేదాకా తియ్యలేదు. తీసేసరికి పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆయన చూశారు. ఆ రోజు నుంచే మేం సరిగ్గా ఒకరినొకరం చూసుకోవడం లేదు.

టైలరమ్మ దిగకుండా ఇంకో నిమిషం కొట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆమెకు అప్పుడే తెలుసు.

మధ్యాహ్నం పడవ వస్తే వెళ్ళిపోయింది. నాలుగో వాటా పెట్టె పట్టుకెళ్ళమన్నాను. పిల్లకి ఉంచు అంది.

ఆగస్టు 2

ఆయన వచ్చారు. అంతా చెప్పాను. విని, నా చెయ్యి పట్టుకున్నారు, వదిలేశారు.

పాపను కూర్చోబెట్టి రూల్స్ అన్నీ రద్దు అని చెప్పాను. ఎవరు కొట్టినా తియ్యాలి, పెద్దమ్మ వస్తే పరుగెత్తి తియ్యాలి. సరే అంది. స్టార్లున్న క్యాలెండర్ కాగితాలు చింపేశాను. సరే అంది. చిన్నప్పుడు నన్ను ఏం చేశావమ్మా అని అడిగింది. పెద్దమ్మ మాట్లాడిన ఆ పొద్దున అది నిద్రపోవడం లేదన్నమాట.

ఆగస్టు 6, సాయంత్రం 5

తలుపు చప్పుడైంది. ఎవరది అనబోయాను. పాప వెనకనుంచి వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. గట్టిగానే పెట్టింది.